నిండు బండి చప్పుడు

కారు ఎడమకు తిరిగినప్పుడల్లా కింద ఎక్కడో టక్కుమనేది.

ఒక్క క్షణం స్టీరింగు మొండికేసేది. మళ్ళీ ఏమీ ఎరగనట్టు తేలికైపోయేది.

దానియేలుకు ఏమీ అంతుబట్టలేదు.

అది యుద్ధం నాటి పాత ఫోర్డు. ఎవరో నడుమ కోసి, పొడుగు చేసి, చెక్క బెంచీలు వేసి, జనాన్ని ఎక్కించే బండిగా మార్చారు. మంచి రంగు చూసి మోజుపడి, అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో దానియేలు కొన్నాడు. పొద్దున వరంగల్ నుంచి తొర్రూరు మీదుగా మరిపెడకు పోతాడు. అక్కడి జనాన్ని ఎక్కించుకుని వస్తాడు. సాయంత్రం మళ్ళీ ఒక తిరుగు.

బండ్లు బాగుచేసే మొగిలయ్య మేస్త్రీ కమాను స్ప్రింగులకు గ్రీజు పెట్టాడు. బుష్షులు మార్చాడు. చక్రాలు విప్పి బిగించాడు. షెడ్డు చుట్టూ తిప్పి చూస్తే చప్పుడే లేదు.

"సప్పుడు బండిల లేదు, నీ చెవులల్ల ఉంది. పో, ఫికర్ జేయకు" అని నవ్వాడు.

మర్నాడు జనం ఎక్కి బండి ఎడమకు తిరగగానే మళ్ళీ టక్కుమంది.

ఈ తికమక చాలదన్నట్టు ఒక ముసలామె తయారైంది.

పేరు యాకమ్మ. మరిపెడలో ఎక్కుతుంది. చేతిలో మూట ఉండదు. డ్రైవరు వెనక బెంచీ వదలదు.

"యాడ దిగుతవవ్వా?"

"నువ్వు నడుపు బిడ్డా."

వరంగల్ దాకా వస్తుంది. అదే బండిలో తిరిగి పోతుంది. చప్పుడైనప్పుడల్లా ముందుకు వంగుతుంది.

"ఇప్పుడు పట్టుకున్నదా? నువ్వు తిప్పుతె తిరగలేదా?"

"నీకెందుకవ్వా?"

"జర చెప్పు బిడ్డా. నిజంగనే తిరగలేదా?"

పిచ్చిదా? లేక పోటీ బండివాడు పంపిన మనిషా? దానియేలుకు ఎటూ తోచలేదు. చప్పుడు వింటే చాలు, వెనక ఆమె ఊపిరి కూడా వినిపిస్తున్నట్టుండేది.

ఒకరోజు మరిపెడ నుంచి వస్తూ తొర్రూరు దాటాక, ఎడమ మలుపులో గట్టిగా టక్కుమంది. ఆమె లేచి అతని భుజం పట్టుకుంది.

"ఆపు! పిల్లలను దించుండ్రి! అందరు దిగుండ్రి!"

చంకలో పసిపిల్ల ఉన్న తల్లి కెవ్వుమంది. దానియేలు బండి ఆపేసరికి సగం మంది దిగిపోయారు. మళ్ళీ ఎక్కమంటే ఎక్కలేదు.

అతనికి ఒళ్ళు మండింది.

"నువ్వు గూడ దిగు. ఇంకోసారి నా బండెక్కితె మంచిగుండదు!"

యాకమ్మ కోపగించుకోలేదు. ఎండలో దిగి నిలబడింది.

"ఒట్టి బండిల రాదు బిడ్డా. మంది తక్కువున్ననాడు రాలేదు, నేను చూసిన. నిండ కూసోబెట్టి చూడుమను మేస్త్రీని."

అతను వెనక్కి చూడకుండా బండి లాగించాడు.

కానీ ఆ మాట చెవిలోంచి పోలేదు. నమ్మాలో, నవ్వాలో తెలియక, ఆ రోజే మొగిలయ్య దగ్గరికి పోయి సిగ్గుపడుతూనే చెప్పాడు.

మేస్త్రీ పక్క చాయ్ హోటల్‌లో ఉన్నవాళ్ళందరినీ పిలిచి బెంచీల మీద కూర్చోబెట్టాడు. తాను కిందికి దూరాడు.

"ఎడమకు తిప్పు."

టక్!

మొగిలయ్య బయటికొచ్చాడు. ముఖంలో నవ్వు లేదు.

"పొడుగు జేసినప్పుడు అడుగున ఇనుప పట్టీ అతికిండ్రు. మంది కూసుంటె బండి కుంగి, ఆ పట్టీ స్టీరింగు రాడ్డు మీదికి దిగుతాంది. తిప్పుతె రాడ్డు ఇరుకుతాంది. సగం కోసుకపోయింది దానియేలూ! ఇయ్యాల్నో రేపో ఇరిగేదే."

దానియేలు తానే వంగి కిందికి చూశాడు. పసిపిల్లను ఎత్తుకున్న ఆ తల్లి కళ్ళ ముందు మెదిలింది.

పట్టీ తీయించి, కొత్త రాడ్డు వేయించి, మర్నాడు మరిపెడ పోయాడు. యాకమ్మ లేదు. రోడ్డు పక్క కిరాణం నడిపే వెంకటయ్యను అడిగాడు.

"నిన్న మాపటికి లారీల వచ్చింది. 'ఆ సప్పుడు నిజమే' అన్నది. పొద్దుగాల్నే పాలంపేటకు పోయింది, రాజమల్లు పెండ్లాం పిల్లల కాడికి. ఇగ రాదనుకుంట."

"రాజమల్లెవరు?"

"నీకంటె ముందు ఈ కారు నడిపినాయన. బోల్తా కొట్టి ఓ పడుసుపిల్ల సచ్చిపోయింది. 'సప్పుడొచ్చింది, స్టీరింగు తిరగలేదు' అని ఎంత మొత్తుకున్నా ఎవ్వలు నమ్మలె. జైల్ల పడ్డడు. ఆన్నే పానం పోయింది. ఆఖరికి గూడ అదే మాటనట."

దానియేలు కారు వైపు తిరిగి చూశాడు.

"అయ్యో! ఆయన యాకమ్మ కొడుకా?"

వెంకటయ్య తల అడ్డంగా ఊపాడు.

"సచ్చిపోయిన పిల్ల ఆమె బిడ్డ. రాజమల్లు తాగి నడిపిండని కోర్టుల సాక్ష్యం జెప్పింది గూడ యాకమ్మనే."