పేరు లేని అర్జీ

కొడుకు నిక్కరు ఉతుకుతుంటే జేబులోంచి ఇసక రాలింది.

గోదారి ఇసక.

సుందరమ్మ ఉతకడం ఆపేసింది.

"ఒరేయ్ కృపా, నువ్వు ఏట్లో దిగుతున్నావా?"

కృపారావు అమలాపురం హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నాడు. శనివారం శనివారం పడవలో ఏరు దాటి లంకలో ఉన్న ఇంటికి వస్తాడు. వాడికి దాచడం చేతకాదు.

"కొత్త ట్యూటరు మాస్టారు ఈత నేర్పుతున్నారమ్మా. పొద్దున్నే గంటసేపు ఈత, ఆనక లెక్కలు. చుట్టూ నీళ్ళు పెట్టుకుని ఈత రాకపోతే ఎంత చదివి ఏం లాభం అంటారు."

"ఎవర్రా ఆయన?"

"నిరుడే బియ్యెస్సీ పాసయ్యేరంట. వాళ్ళ నాన్నగారు ఐ.పోలవరంలో పడవ నడుపుతారంట. నాకు లెక్కల్లో ముప్ఫై దాటేవి కావా, మొన్న డెబ్బై వచ్చేయి."

డెబ్బై ఆమె చెవిన పడలేదు. ఒక్కగానొక్క తమ్ముణ్ణి ఆ ఏరే తీసుకుపోయింది. ముగ్గురు పిల్లలు పురిట్లో పోగా మిగిలినవాడు కృపారావు.

ఇంటాయన ఏసుదాసు అంబాజీపేటలో లారీలకి కొబ్బరికాయలు ఎత్తుతాడు. చెబితే తేలిగ్గా తీసేశాడు.

"మాస్టారికి తెలీదేంటే? నీకు వాన చినుకు పడినా వరదే."

అన్నం ముందు కూర్చుంటే చాలు, కొడుకుని మంచం మీద వేసి నలుగురు మోసుకొస్తున్నట్టే కనిపించేది. సుందరమ్మ కంచం పక్కకి నెట్టేసేది.

హాస్టళ్ళు చూసే ఆఫీసుకి అర్జీ పెట్టాలని బుధవారం బస్సెక్కి అమలాపురం వెళ్ళింది. మిషను బడిలో నాలుగు చదివింది గానీ, తన వంకర అక్షరాలు చూసి ఆఫీసులో నవ్వుతారని భయం.

పోస్టాఫీసు వరండాలో సన్నగా ఉన్న ఒక కుర్రాడు ఎవరో ముసలమ్మకి కార్డు రాసి పెడుతున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా ఆగింది.

"అర్జీలు రాస్తారా బాబూ?"

"ఆయ్, కూర్చోండమ్మా."

"పేరు పెట్టకుండా రాయాలండి."

"దేని గురించండీ?"

హాస్టలు ఎక్కడుందో చెప్పింది. ట్యూటరు పిల్లల్ని ఏట్లో దింపుతున్నాడని చెప్పింది. వెంటనే ఆపించాలంది.

అతను కలం మూత తీశాడు. కాసేపటిదాకా ఏమీ రాయలేదు.

"ఇంకు లేదా బాబూ?"

"ఉందండి." కాగితం సరిచేసుకున్నాడు. "ముందు ఆ మాస్టారితో ఓసారి మాట్లాడకపోయేరా?"

"అమ్మో, మావోడి మీద కక్ష కడతాడండి."

"కట్టకపోవచ్చండి."

"మీకేం తెలుసు బాబూ. మీరు పిల్లల్ని కన్నారా, పెంచేరా?"

అతను నవ్వాడు.

"నీళ్ళంటే అంత భయం ఎందుకండీ?"

తమ్ముడి సంగతి చెప్పింది. మూడోరోజు దొరికాడని, చొక్కా గుండీలు చూసి గుర్తుపట్టామని చెప్పింది.

అతను తల వంచుకుని అంతా విన్నాడు. ఆ తరవాత ఆగకుండా రాశాడు. 18-7-79 అని తేదీ వేసి చదివి వినిపించాడు. ఆమె చెప్పిందాంట్లో ఒక్క ముక్క తగ్గించలేదు. పైగా 'పిల్లలకు ప్రాణాపాయం' అని కలిపాడు.

"అలా రాస్తేనే పైవాళ్ళు కదుల్తారండి."

ముగ్గు పెట్టినట్టున్న అక్షరాలు. కవరు మీద అడ్రసు కూడా అతనే రాశాడు. ఆమె డబ్బాలో వేసింది.

"మీ అబ్బాయికి ఈత వచ్చిందాండీ?" లేస్తూ అడిగాడు.

"ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేస్తాడంటండి," అంది. తనకి తెలీకుండానే ఆ మాట గర్వంగా వచ్చింది.

డబ్బులిస్తే పుచ్చుకోలేదు. కొడుక్కని తెచ్చిన కొబ్బరుండల్లోంచి రెండు తీసి చేతిలో పెట్టింది. కళ్ళకద్దుకున్నాడు.

నెల తిరక్కుండా ట్యూటరుని తీసేశారు. కృపారావు రెండు శనివారాలు ఇంటి మొహం చూడలేదు. మూడో శనివారం వస్తుంటే వరద నీళ్ళల్లో రేవు పడవ తిరగబడింది.

సుందరమ్మ ఏడుస్తూ పరిగెత్తేసరికి కృపారావు గట్టు మీద ఉన్నాడు. నీళ్ళు కక్కుతున్న ఒక ముసలాయన వీపు రాస్తున్నాడు. వాడితోపాటు పడవలో ఉన్న హాస్టలు పిల్లలు నలుగురూ బయటపడ్డారు.

"కంగారు పడకుండా ముందు వెల్లకిలా తేలమనేవారమ్మా మాస్టారు. అలాగే చేసేం."

సోమవారం పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని హాస్టళ్ళు చూసే ఆఫీసుకి వెళ్ళింది. దారిలో అర్జీ సంగతి చెప్పేసింది. వాడు ఆమెని వదిలి పది అడుగులు ముందు నడిచాడు.

"ఆ అర్జీ నాదేనండి. వెనక్కిచ్చేయండి. మాస్టార్ని మళ్ళీ పెట్టండి."

గుమాస్తా కట్ట విప్పి కాగితం తీశాడు.

"దీని మీద పేరే లేదు. మీదని ఎలా నమ్మేదమ్మా? పేరు లేని అర్జీని ఎవరొచ్చి వెనక్కి తీసుకుంటామన్నా కుదరదు."

"నేనే రాయించేనండి."

"ఎవరిచేత?"

"పోస్టాఫీసు కాడ ఒకబ్బాయండి. పేరు అడగలేదు."

"అయినా ఇప్పుడేం లాభం? విచారణలో అన్నీ నిజమేనని ఆ ట్యూటరే సంతకం పెట్టేడు. ఎటెళ్ళేడో కూడా తెలీదు."

"ఆ రాసిన బాబుని వెతికి తీసుకొస్తానండి. ఆయన చెబితే నమ్ముతారు కదండీ? ఆయన అబద్ధం ఆడే మనిషి కాదండి."

గుమాస్తా విసుగ్గా కాగితాన్ని వాళ్ళవైపు తిప్పాడు. "వెతుక్కోండి మరి. దస్తూరీ ఇదీ."

కృపారావు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా," అన్నాడు, "రోజూ నా లెక్కల పుస్తకంలో మాస్టారు రాసేవి ఈ అక్షరాలే."