పొట్టేలు మీద ఇంగ్లీషు

దొర దావతుకు బీరప్ప పొట్టేలును ఊరికే తోలుకుపోవడానికి వచ్చిన జవాను లింగయ్య, దాని మెడకు తాడు వేయబోయి ఆగాడు. వీపు మీద ఎర్రజాజుతో ఇంగ్లీషు రాత.

“ఏందిర బీరప్పా గిది? తెల్లదొరల పొట్టేలా?”

“దొరతోని సదివిచ్చుకోని తోల్కపోండ్రయ్యా.”

దొరకు ఇంగ్లీషు రాదని ఇద్దరికీ తెలుసు. లింగయ్య తాడు చుట్టుకుని, పోతూ పోతూ పొట్టేలుకు సలాం కొట్టిపోయాడు.

గుడిసెలోంచి బీరప్ప పెండ్లాం గుర్వమ్మ వచ్చింది. “ఏం రాసినవ్?”

“‘ఇది నా గొర్రె’ అని. ఇస్రాయేలు పంతులు నెల దినాలు నేర్పింది గదొక్కటే.”

“గంతేనా? గదే మాట తెలుగుల ఏటేటా మొత్తుకుంటిమి గద.”

ఆమె లోపలికి పోయి రెండు కోళ్లను పట్టుకొచ్చింది. “వీటి మీద గూడ రాయి.”

“పంతులు ఇంకా కోడి నేర్పలేదే.”

“గొర్రె అనే రాయి. సదివెటోడెవడు?”