మూడో ఏడాది పేపరు

ఒంగోలు కాలేజీ సీట్ల కేంద్రంలో యంత్రం హిమజ వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుని, తెర మీద ఒక్క కోర్సే చూపించింది: బి.ఏ. ఫిలాసఫీ. హిమజ ఎగిరి గంతేసింది. ఏ ఏడాది ఏ పేపరు చదవాలో ఎప్పుడో నోటుబుక్కులో రాసిపెట్టుకుంది మరి. ఆమె తండ్రి కోటయ్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎండలో కూర్చుని పంక్చర్లు వేసి చదివించింది ఇందుకా? రక్తంలో ఏం చూసి సీటిస్తారో ఎవరికీ చెప్పరాయె.

"అది కూడు పెట్టే చదువేనా సార్? మా పిల్లకి తొంభై ఆరు శాతం మార్కులండీ. ఇంజనీరింగుకి మార్చండి," అంటూ గుమాస్తా మీదికి వెళ్లాడు.

గుమాస్తా అటూ ఇటూ చూసి అతణ్ని కిటికీ పక్కకు లాగాడు. "ఆ యంత్రం చూసేది మార్కులు కాదయ్యా, ఆయుష్షు. ఉద్యోగం చేసేదాకా బతికేవాళ్లకే ఆ సీట్లు. మిగతావాళ్లని ఇందులో వేస్తారు. పిల్లకి చెప్పావంటే ఇదీ పోద్ది."

"ఎన్నాళ్లు సార్?"

"రెండేళ్లుంటే ఎక్కువ."

కోటయ్య తిరిగొచ్చేసరికి హిమజ తెర మీద పేపర్లు ఎంచుకుంటోంది.

"నాన్నా, నీతిశాస్త్రం మూడో ఏడాదికి పెడుతున్నా. అదంటే నాకు ప్రాణం."

కోటయ్య తెర మీద మొదటి ఏడాది గడి మీద వేలు పెట్టాడు. "దాన్ని మొదటి ఏడాదే చదివెయ్యి తల్లీ," అన్నాడు.

"ఊరుకో నాన్నా, నీకేం తెలుసు? బాగున్నదాన్ని ఆఖర్న చదవాలి," అని నవ్వి, హిమజ వేలిముద్ర వేసేసింది.