చాడీ కాని కేక

కోడిపిల్లల్లో ఎర్రోడు బలశాలి. బోసిమెడ తమ్ముడు నూకల దగ్గరికి రాగానే, "ఈకల్లేని మెడకు తిండెందుకురా?" అంటూ పొడిచి తరిమేవాడు. తమ్ముడు రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. చుక్కల చెల్లికి కడుపు తరుక్కుపోయేది గానీ, అమ్మతో చెబితే అందరూ చాడీకోరంటారని భయం.

ఉండబట్టలేక, అమ్మతో చెబితే చాడీ అవుతుందా అని బాతు తాతను అడిగింది.

"ఓసి పిచ్చి మొహమా! గద్ద వస్తోందని అరిస్తే చాడీ చెప్పినట్టా?" అన్నాడు తాత.

మర్నాడు ఎర్రోడు పొడవబోగానే చెల్లి, "అమ్మా!" అని గొంతు చించుకుంది. తల్లికోడి రెక్కలు విప్పుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏదే గద్ద?"

"గద్ద కాదమ్మా, అన్నయ్య! తమ్ముణ్ణి తిననివ్వడం లేదు."

ఎర్రోడు తల దించుకున్నాడు. తల్లికోడి వాణ్ణి బోసిమెడ పక్కన నిలబెట్టి, "బలముందిగా? తమ్ముడి పొట్ట నిండేదాకా కాపలా కాయి!" అంది.