ఆ చలికాలం అంకెలు

“ఇది ఈయన స్వదస్తూరీ. ఇరవై ఎనిమిదేళ్ళు రోజూ పొద్దున్నే కొండెక్కి, థర్మామీటరు చూసి రాసిన అంకెలు! వాటిని వాతావరణ ఆఫీసువాళ్ళు కొట్టేసి తమకు నచ్చినవి వేసుకున్నారు. భూమి వేడెక్కిందని ఇలాంటి లెక్కలతోనా తేల్చేది?”

వక్త బల్ల చరిచాడు. భూతాపం మీద చర్చ పెట్టిన ఆ హాల్లో చప్పట్లు మోగాయి. పక్క కుర్చీలో ఉన్న ముసలాయన తల దించుకున్నాడు. కొండ మీది వాతావరణ కేంద్రంలో పరిశీలకుడిగా పనిచేసి రిటైరైన మనిషి. అందరూ అది వినయమనుకున్నారు.

“చెప్పండి సార్, ఒక్కరోజైనా మానారా?”

“లేదండీ.” ఏళ్ళ తరబడి చెబుతున్న మాటే. నోరు దానంతటదే పలికింది.

సవరణలు చేసిన ఆఫీసు తరఫున జవాబు చెప్పడానికి ఎవరో పెద్ద అధికారి వస్తాడనుకున్నాడాయన. మైకు దగ్గరకు వచ్చినామెను చూడగానే కుర్చీలోంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె చేతిలో ఆయన అంకెలు రాసిన పుస్తకాల నకళ్ళున్నాయి.

“మేం మార్చింది ఇరవయ్యేళ్ళ కిందటి ఒక్క చలికాలం అంకెలే. చుట్టుపక్కల నాలుగు కేంద్రాల్లోనూ ఆ చలికాలం వెచ్చగా ఉంది. ఈ ఒక్కచోటే చలి తగ్గలేదు. అందుకని ఆ మూడు నెలల అంకెలూ పక్కన పెట్టి, మిగతా కేంద్రాలను బట్టి లెక్కగట్టాం,” అందామె.

“అంటే ఈయన తప్పు రాశారంటారా?”

ఆమె కాగితాలు సర్దుకుంది. “పరికరంలో ఏదైనా తేడా ఉండొచ్చు.”

“విన్నారా? ఉండొచ్చునట!” వక్త దీర్ఘం తీశాడు.

హాలు గొల్లుమంది. వెనక నుంచి ఎవరో “దొంగ లెక్కలు!” అని అరిచారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోని నకలు మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఇక కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. కాళ్ళీడ్చుకుంటూ మైకు దగ్గరకు వెళ్ళాడు.

“నువ్వు కూర్చోమ్మా,” అని జనం వైపు తిరిగాడు. “పరికరంలో తేడా లేదండీ. ఆ మూడు నెలలూ నేను కొండెక్కలేదు. అంతకు ముందేడు పుస్తకం ఎదురుగా పెట్టుకుని మక్కికి మక్కి దించేశాను.”

వక్త మొహం మాడిపోయింది. “ఎందుకు చేశారండీ అలా?”

“మా పాపకి జబ్బు చేసింది. ఆసుపత్రిలో వదిలి రావడానికి కాళ్ళాడలేదు. సెలవు పెడితే సరిపోయేది. ఖాళీ వదిలేసినా సరిపోయేది. కానీ ఒక్కరోజూ మానలేదన్న పేరు ఎక్కడ పోతుందోనని...”

ఎవరి మొహమూ చూడలేక, చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డాడు.

సభాధ్యక్షుడు ఆమె వైపు తిరిగాడు. “మీకిది ముందే తెలుసా?”

“తెలుసండీ. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది.”

“ఇంతమంది మొహం మీదే నవ్వుతుంటే చెప్పలేదేం?”

ఆమె చేతిలోని నకళ్ళు మడిచింది.

“ఆ పాప నేనేనండీ.”