రాధమ్మ సాక్ష్యం

ఆ రోజు సిద్దిపేట మున్సిఫ్ కోర్టు కిక్కిరిసిపోయింది. 1945 వేసవి.

బయట ఎండలో తండావాళ్లు కూర్చున్నారు. కేసు ఓడిపోతే నలభై గుడిసెలు లేచిపోతాయి. మొన్ననే రెండు తగలబడ్డాయి. అంటించింది ఎవరో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ భూమిని పన్నెండేళ్లకు పైగా దున్నుతున్నట్టు రుజువైతే వాళ్లను ఎవరూ కదిలించలేరు. కానీ పట్వారీ కాగితాల్లో తండాకు ఐదేళ్లే. ఆ భూమి తనదేనంటున్న రాంచందర్ దొర చెప్పినట్టే పట్వారీ రాశాడు.

వకీలు దత్తాత్రి ఆరేళ్లుగా తండాల కేసులే వాదిస్తున్నాడు. గెలిచినవి రెండే. ఈ కేసు మాత్రం పట్టుకోవద్దని తోటి వకీళ్లు కూడా చెప్పి చూశారు.

“సాక్షిని పిలవండి” అన్నాడు కొత్తగా వచ్చిన మున్సిఫ్.

తల మీద కొంగు లాక్కుంటూ ఒకామె బోనెక్కింది. కోర్టంతా గుసగుసలు. ఆమె దొర భార్య రాధమ్మ. దొర బంగళా అయిన ఆ గడి గడప దాటి ఎరగని మనిషి.

దత్తాత్రి ఆమె మొహం చూడకుండా, చేతిలోని కాగితాలు చూస్తూ అడిగాడు.

“గా తండా మీకు ఎప్పటిసంది ఎరుక?”

“నా కొడుకు పుట్టిన రోజుసంది. కాన్పు కష్టమైతే తండాల ఉన్న మంత్రసాని సోమ్లి కోత ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. మా ఇద్దరి పానాలు నిలబెట్టింది.”

“గప్పుడు సోమ్లి కోస్తున్నది ఏ చేను?”

“గిప్పుడు దొర నాదంటున్న చేనే.”

“ఎన్నేండ్లయింది?”

“ముప్పై రెండు.”

దొర మొహం నల్లబడింది. నిన్ననే హైదరాబాదు నుంచి దిగిన అతని వకీలు చివ్వున లేచాడు.

“అంతా అబద్ధం హుజూర్! గా కొడుకు ఉన్నడో లేడో! ఉంటే ఏడి? వయసుకు రుజువేంది?”

“వద్దు, కూసో” అంటూ దొర అతని కోటు పట్టి లాగాడు. అప్పటికే ఆలస్యమైంది.

మున్సిఫ్ కలం ఆపాడు. “చెప్పమ్మా. ఎక్కడున్నాడు నీ కొడుకు?”

రాధమ్మ భర్త వైపు చూడలేదు. మొదటిసారి తలెత్తింది.

“గిప్పటిదాంక నన్ను మీరు మీరని అడిగిన గీ తండా వకీలే నా కొడుకు, హుజూర్.”