గట్టిగా ఊదాలి

"రేపటి నుంచి నువ్వు రాయి కోతకు వెళ్లకూడదు," అంది డాక్టరమ్మ, రిపోర్టు మీంచి తలెత్తకుండా.

రాళ్లు కోసే మేస్త్రి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. పక్కనున్న భార్య ముందుకు జరిగింది.

"పని మానేస్తే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందండీ?"

"వెళ్తే మనిషే మిగలడమ్మా. ఈ గీత చూడు. గట్టిగా ఊదితే గాలి ఒక్క ఊపున బయటికి రావాలి. ఇది ఈడ్చుకుంటూ వచ్చింది. ఊపిరి గొట్టాలు మూసుకుపోతున్నాయి. ఈ వయసు మనిషి ఊదేదాంట్లో సగం కూడా లేదు."

"ఈయనకా? ఈయన గురక పెడితే పక్కవాటా వాళ్లు గోడ బాదుతారు. ఊపిరి లేదంటే ఎవరు నమ్ముతారు?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. మేస్త్రి వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింది. చోటు మార్చి మళ్లీ వింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇంకోసారి ఊదిద్దాం పదండి."

పక్కగదిలో మిషన్ ముందున్న టెక్నీషియన్‌ను ఈ రాళ్ల కార్ఖానాలో అందరూ ఊదుడు మాస్టారంటారు. ఏటా వైద్య పరీక్షలప్పుడు వచ్చి ఒక్కొక్కరి చేతా ఊదించడమే ఆయన పని. సంగతి వినగానే ఆయన ముఖం మాడిపోయింది.

"నా రిపోర్టునే అనుమానిస్తున్నారా మేడమ్? పొద్దున్నే మిషన్ సరిచూసుకున్నాను. అది తప్పయితే ఈ ఉద్యోగం మానేస్తాను."

"ఉద్యోగం సంగతి తర్వాత. ముందు ఊదించండి."

మాస్టారు కొత్త గొట్టం తగిలించి మేస్త్రి నోటికిచ్చాడు. ముక్కుకు క్లిప్పు పెట్టాడు. "నిండా పీల్చు. ఊఁ, ఊదు. ఊదు, ఊదు, ఇంకా ఊదు..."

తెర మీద గీత నిటారుగా లేచింది. మళ్లీ ఊదించాడు. మళ్లీ అంతే.

"నేను చెప్పలా," అంది భార్య. కళ్లు మాత్రం తుడుచుకుంది.

డాక్టరమ్మ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఈ రెండూ ఒక మనిషివి కావు."

"మిషన్ అబద్ధం చెప్పదు మేడమ్," అన్నాడు మాస్టారు పట్టుదలగా. "ఇదీ నిజమే, అదీ నిజమే. ఇందాక అందరూ ఒక్కసారే వచ్చిపడ్డ తొక్కిసలాటలో ఎవడిదో వీడి పేరుమీద పడుంటుంది."

"అయితే వాణ్ణి ఇప్పుడే పట్టుకోవాలి. ఈ ఊపిరితో ఈ దుమ్ములో తిరుగుతున్నాడంటే ఎంతో కాలం బతకడు." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "ఇందాక నువ్వు ఊదేటప్పుడు ఎవరున్నారిక్కడ?"

మేస్త్రి మొదటిసారి నోరు విప్పాడు.

"నేను ఊదనే లేదండీ. నా వంతు వచ్చేసరికి మాస్టారిని ఎవరో పిలిస్తే లేచి వెళ్లారు. అంతలో మిషన్లోంచి కాగితం వచ్చింది. పరీక్ష అయిపోయిందనుకుని తెచ్చి మీకిచ్చాను."

"మరి మిషన్లో ఊదింది ఎవరు?"

"మాస్టారేనండీ. ఎలా ఊదాలో నాకు చూపించారు."